ఐదో అధ్యాయం డబ్బా

ఆ వానాకాలం మా ఇంట్లో భోజనాల బల్ల మీద ఎవరూ భోజనం చెయ్యలేదు. దాని మీద ఏడు బిస్కెట్ డబ్బాలు వరసగా ఉండేవి. నేనూ మా కోడలూ కంచాలు ఒళ్ళో పెట్టుకుని వంటింటి గడప దగ్గర కూర్చుని తినేవాళ్ళం.

మా కోడలు అంటున్నాను గానీ, అప్పటికి రెండేళ్ళ కిందటే మావాడూ తనూ విడిపోయి సంతకాలు కూడా పెట్టేశారు. మావాడు ఇంకో ఊళ్ళో ఇంకో ఇల్లు చూసుకున్నాడు. ఆ అమ్మాయి మాత్రం, "థీసిస్ అయ్యేదాకా ఉంటాను అత్తయ్యా, నా పుస్తకాలన్నీ ఇక్కడే ఉన్నాయి" అంది. ఉండమన్నాను. గోడవతలి కుట్టుపనావిడ నేను కనపడ్డప్పుడల్లా, "ఇంకా ఉందా? ఇప్పుడు నీకేమవుతుంది వదినా ఆ పిల్ల?" అని అడిగేది. "నా ఇంట్లో ఉంటుంది" అనేదాన్ని.

థీసిస్ పడవ రేవుల మీద. నదుల మీద వంతెనలు పడ్డాక పడవలు నడుపుకునేవాళ్ళు ఏమయ్యారు అని. ఏడు అధ్యాయాలు, నాలుగువందల అరవై పేజీలు. పేజీల అడుగున చిన్న అక్షరాల్లో ఆరువందల ముప్ఫై ఎనిమిది ఫుట్‌నోట్లు. ఎనిమిదేళ్ళు పట్టింది. అందులో ఒక ఏడాది విరిగిన నా తుంటి ఎముకతో పోయింది, ఇంకో ఏడాది మావాడు వెళ్ళిపోవడంతో పోయింది. గడువు రెండుసార్లు పొడిగించారు. మూడోసారి అడగనే కూడదు.

థీసిస్ కట్ట యూనివర్సిటీలో ఇచ్చేస్తానని ఒకరోజు పొద్దున వెళ్ళిన పిల్ల, మధ్యాహ్నానికి అదే కట్టతో తడిసి వచ్చింది. కట్ట మాత్రం తడవలేదు. చున్నీ అంతా దానికే చుట్టింది.

"తిప్పి పంపారా?"

"తిప్పి పంపాలంటే ముందు తీసుకోవాలి కదా అత్తయ్యా. తీసుకోనే లేదు. కౌంటర్లో ఆయన నాలుగు పేజీలు తిరగేసి, ఇదేంటమ్మా, నోట్లు ఒకటి నుంచి ఆరువందల ముప్ఫై ఎనిమిది దాకా ఒకటే వరస, కొత్త రూలు చూసుకోలేదా, ఏ చాప్టర్‌కి ఆ చాప్టర్ మళ్ళీ ఒకటి నుంచి మొదలవ్వాలి అన్నాడు. పుటల నంబర్లు లేనివాటికి పుటలు వెయ్యాలిట, సంవత్సరాలు లేనివాటికి సంవత్సరాలు."

"అంతేనా?"

"అంతేనా అంటారేంటి! నెలాఖరు ఆఖరు తేదీ. పంతొమ్మిది రోజులుంది."

తువ్వాలు తెచ్చిచ్చి, "మా లాండ్రీలో కూడా అంతేగా" అన్నాను.

ముప్ఫై ఒక్క ఏళ్ళు నేను ఆస్పత్రి లాండ్రీలో పనిచేశాను. ప్రతి దుప్పటికీ మూలన చెరగని సిరాతో వార్డు అక్షరం, దాని కింద నంబరు ఉండేవి. నాకు అక్షరాలు వచ్చింది ఆ దుప్పట్ల మీదే. తర్వాత పొట్లాలు కట్టిన పేపర్లు, ఆ తర్వాత మావాడి బడి పుస్తకాలు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. అందుకే ఇప్పటికీ చదివేటప్పుడు పెదాలు కదులుతాయి, వేలు లైను కిందే ఉంటుంది.

"ఒకటే వరసన వేసుకుంటూ పోతే ఏ దుప్పటి ఎవరిదో ఎట్లా తెలుస్తుంది? ఏ వార్డుకి ఆ వార్డు ఒకటి నుంచే. పిల్లల వార్డు ఒకటి, కాన్పుల వార్డు ఒకటి. కట్ట కట్టేటప్పుడు మూల చూసుకుంటే చాలు."

ఆ అమ్మాయి తల తుడుచుకోవడం ఆపి, "మళ్ళీ చెప్పండి" అంది.

సందు చివర కంప్యూటర్ షాపతన్ని అందరూ అరగంట అనేవాళ్ళు. ఏం పని చెప్పినా "అరగంటలో ఇచ్చేస్తా" అంటాడు గనక. అతను థీసిస్‌ని తెర మీద పైకీ కిందకీ నడిపించి తల పట్టుకున్నాడు.

"ఎవరు కొట్టారు మేడమ్ దీన్ని? నోట్‌ని నోట్‌లాగా పెడితే ఒక్క నొక్కుతో చాప్టర్‌కి చాప్టర్ ఒకటి నుంచి మొదలయ్యేది. వీళ్ళు అంకెలు చేత్తో కొట్టి, కింద గీత కూడా చేత్తో గీసి పెట్టారు. మెషిన్‌కి ఇవి నోట్లని తెలీదు. మొత్తం పీకి ఒక్కోటీ మళ్ళీ పెట్టాలి."

"ఎంతసేపు పడుతుంది?" అన్నాన్నేను.

అతను నోరు తెరిచి, నన్ను చూసి, మూసుకున్నాడు. మొదటిసారి అతని నోట అరగంట రాలేదు. "మీరు ఏ చాప్టర్‌కి ఆ చాప్టర్ వరసగా, దిద్దుబాట్లతో సహా తెచ్చి ఇస్తే రెండు వారాలు మామ్మగారూ. నేను వెతుక్కోకూడదు. అది ఒప్పందం."

అట్లా వచ్చాయి డబ్బాలు. నోట్లన్నీ అచ్చు తీసుకొచ్చి, ఒక్కో నోట్‌నీ ఒక్కో చీటీగా కత్తిరించాం. ఆ అమ్మాయి పుస్తకాలు వెతికి, లేని పుటా లేని సంవత్సరమూ చీటీ మీదే పెన్సిల్‌తో రాసేది. నేను కుడివైపు మూలన కొత్త నంబరు వేసి, అధ్యాయం డబ్బాలో వరస తప్పకుండా నిలబెట్టేదాన్ని. అలవాటు చొప్పున రోజూ పొద్దున్నే ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి లెక్కపెట్టేదాన్ని. గ్యాస్ కట్టేశానా, తలుపు గడియ పెట్టానా, రెండో డబ్బాలో తొంభై ఒకటీ ఉన్నాయా. ఇవి చూసుకోకపోతే నాకు కన్ను మూతపడదు.

ఒక మాట చెప్పాలి. ఆ పుస్తకంలో పేజీ పైన ఉన్నది నాకు సగమే ఎక్కేది. కింద ఉన్నది పూర్తిగా ఎక్కేది. ఎవరన్నారు, ఎక్కడన్నారు, ఏ తేదీన, ఎన్నో పుట. "పడవ నడిపిన పెద్దాయన భార్యతో మాటలు, రేవు మెట్ల మీద, వాన వెలిసిన సాయంత్రం" అని ఒక నోట్ ఉంటే, నేను ఆ చీటీ చేతిలో పట్టుకుని కాసేపు ఆ మెట్ల మీద కూర్చునేదాన్ని. మనిషి ఎక్కడివాడో, మాట ఎక్కడిదో చెప్పకుండా వదలకపోవడం నాకు భలే నచ్చింది. మా ఇంట్లోంచి వెళ్ళినవాళ్ళకి ఎవరూ అట్లా రాసిపెట్టలేదు.

కొన్నిటి మీద మాత్రం "పైదే, పుట 60" అని ఉండేది.

"పైదే అంటే?"

"దానికి ముందు నోట్‌లో ఏ పుస్తకం ఉందో అదే పుస్తకం అత్తయ్యా. ప్రతిసారీ పేరంతా రాయక్కర్లేకుండా."

సులువైన పద్ధతే అనుకున్నాను.

మొదటి రెండు డబ్బాలూ సాఫీగా అయిపోయాయి. మూడో డబ్బా ఇచ్చిన రెండు రోజులకి అరగంట మా ఇంటికే వచ్చాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మేడమ్, ఆరు నోట్లు ఎక్కడో పారేశాను. క్షమించాలి. మెషిన్‌లో డెబ్బై ఎనిమిది ఉన్నాయి, మామ్మగారి ఆఖరి చీటీ మీద ఎనభై నాలుగు అని ఉంది. నిన్నంతా వెతికాను. బల్ల కింద, చెత్తబుట్టలో, ఫ్యాన్ గాలికి పోయాయేమోనని సందులో కూడా."

ఆ అమ్మాయి అతను తెచ్చిన డబ్బా అందుకుంది. చీటీలు బల్ల మీద పరిచి చూసింది. పదిహేడు తర్వాత పంతొమ్మిది ఉంది. నలభై తర్వాత నలభై రెండు.

"అత్తయ్యా, పద్దెనిమిది ఏది?"

"అది నువ్వు కొట్టేసిందే కదా. అక్కర్లేదని చింపేశావు."

"అవును. అయితే పంతొమ్మిదోది పద్దెనిమిది అవ్వాలి కదా!"

"అదేం న్యాయం?" అన్నాను. "చిరిగిన దుప్పటి నంబరు ఇంకో దుప్పటికి వెయ్యం. రిజిస్టర్‌లో ఆ గడి ఖాళీగా వదిలేస్తాం. లేకపోతే రేపు ఎవరైనా పద్దెనిమిది ఏమైందని అడిగితే ఏం చెబుతాం?"

అరగంట గోడకి చేరగిలబడి కిందకి జారి కూర్చున్నాడు. "మామ్మగారూ, లేని ఆరు నోట్ల కోసం నేను ఒక పగలంతా సందులో వంగి నడిచాను. కుక్కలు కూడా జాలిపడ్డాయి."

ఆ అమ్మాయికి నవ్వు ఆగలేదు. మావాడు వెళ్ళాక ఆ ఇంట్లో ఆ పిల్ల అట్లా నవ్వడం నేను చూడలేదు. కళ్ళు తుడుచుకుని, "ఇక్కడ ఎవరైనా పోతే వెనకవాళ్ళు ముందుకు జరగాలి అత్తయ్యా" అంది.

"అంత తేలిగ్గా జరుగుతారా?"

"జరగాలి మరి."

నాలుగు డబ్బాల్లో నంబర్లు రబ్బరుతో చెరిపి మళ్ళీ వేశాను. రెండు రోజులు పోయాయి. ఒక్క మాట అనలేదు నన్ను. పైగా పెన్సిల్ చెక్కి చేతికిచ్చేది.

అరగంట నాలుగో డబ్బా పూర్తిచేసిన రోజున ఉత్తరం వచ్చింది. పగలంతా బస్సులో కూర్చుంటే గానీ చేరని ఊళ్ళో ఒక కాలేజీ. చరిత్ర చెప్పే ఉద్యోగం. థీసిస్ ఇచ్చినట్టు రసీదు చూపిస్తే ఒకటో తేదీన చేరొచ్చు. చూపించకపోతే ఆ జాగా ఇంకొకరికి.

"అత్తయ్యా, వచ్చింది!" అని నా భుజాలు పట్టుకుని ఊపేసింది.

"మంచిదమ్మా" అన్నాను. ఆ ఒక్క మాటకి నేను ఎంత బలం కూడదీసుకున్నానో నాకే తెలుసు.

నన్ను వదిలి వెళ్ళినవాళ్ళందరూ చివరికి మామూలు మాటే అని వెళ్ళారు. మా ఆయన స్ట్రెచర్ మీద పడుకుని, "కిటికీ వెయ్యి, వాన పడుతుంది" అన్నాడు. మా చెల్లి, "గిన్నె తర్వాత పంపిస్తాలే" అంది. మావాడు, "ఛార్జర్ మర్చిపోయాను, మళ్ళీ వచ్చినప్పుడు తీసుకుంటా" అన్నాడు. ఆ ఛార్జర్ ఇప్పటికీ గోడకి వేలాడుతోంది. ఇక ఈ అమ్మాయి ఏమంటుందో అని ఆలోచించడం మొదలుపెట్టాను. థీసిస్ అయ్యేదాకా ఉంటానంది. అయిపోకపోతే?

మర్నాడు ఆ అమ్మాయి స్నానానికి వెళ్ళినప్పుడు ఐదో డబ్బా తీసి దుప్పట్ల పెట్టె అడుగున పెట్టాను. ఏం చేస్తున్నానో తెలిసే చేశాను. అప్పటికి ఆరు రోజులుంది.

ఆ డబ్బాలో నూట నాలుగు చీటీలు. వాటి మీద పెన్సిల్ రాతలు ఇంకెక్కడా లేవు.

ఆ రోజంతా ఇద్దరం వెతికాం. నేను కూడా వెతికాను. మంచం కింద వంగి చూశాను, అటక మీద చూడమన్నాను. అరగంటకి పొరపాటున ముందే ఇచ్చామేమో అని అడిగి రమ్మన్నాను. అబద్ధం అంత చక్కగా ఆడగలనని నాకూ తెలియదు. సాయంత్రం చినుకుల్లో చల్లగాలి వస్తుంటే, ఆ అమ్మాయి "మీకు చలేస్తోంది" అని లోపలికి వెళ్ళి పెట్టె తెరిచింది. మూత కిర్రుమంది. దుప్పటి తెచ్చి నా కాళ్ళ మీద కప్పి, అంచులు లోపలికి మడిచింది. పైన ఉన్న దుప్పటే అది. అడుగుదాకా చెయ్యి పెట్టి ఉండదులే అనుకున్నాను.

"దొరక్కపోతే ఏం చేస్తావు?" అన్నాను.

"ఈలోపు ఆరూ ఏడూ ఇచ్చేస్తాను. దొరుకుతుందిలెండి" అంది.

మర్నాడు మధ్యాహ్నం ఆ డబ్బాలు తీసుకుని షాపుకి వెళ్ళింది. ఇంట్లో నేనొక్కదాన్నే. నంబర్లు వేసింది నేనే అయినా, ఐదో దాంట్లో చీటీలు వరసగా చదవలేదు. మనిషికి బుద్ధి ఎట్లా ఉంటుందో చూడండి, దాచినదాన్ని దాచినట్టు ఉంచక, చదువుదామని తీశాను. వేలు పెట్టి మొదటి చీటీ చదివాను.

"1. పైదే, పుట 112."

మళ్ళీ చదివాను. పైదే అంటే ముందు నోట్‌లో ఉన్నది. ఇది ఒకటో నోట్. దీనికి ముందు ఎవరున్నారు? నాలుగో అధ్యాయం ఆఖరి నోట్ ఉంది, కానీ అది ఆ అధ్యాయంతోనే అయిపోయింది. అంతా ఒకటే వరసగా ఉన్నప్పుడు సరిపోయింది. ఇప్పుడు ఈ అధ్యాయం తెరిచినవాడు పైకి చూస్తే ఖాళీ కనపడుతుంది. కింద రెండో చీటీ, మూడో చీటీ కూడా పైదే, పైదే అని దాన్నే నమ్ముకుని ఉన్నాయి. నూట పన్నెండో పుట ఉంది, ఏ పుస్తకమో లేదు. చెప్పిన మనిషి లేడు.

ఎనిమిదేళ్ళు ఆ పిల్ల రేవుల వెంట తిరిగి తెచ్చిన మాట, ఎవరిదో తెలియకుండా గాల్లో వేలాడుతోంది.

ఐదోదే ఇట్లా ఉందంటే మిగతావి? ఏడు అధ్యాయాల మొదటి పేజీలూ పాత అచ్చులో తీసి చూశాను. రెండోదీ అంతే. ఆరోదీ అంతే. ఆరోది ఆ క్షణాన అరగంట చేతిలో ఉంది.

ఇది చెప్పాలంటే డబ్బా బయటికి రావాలి. చెప్పకపోతే ఎవరికీ తెలియదు, నాకు తప్ప. నేను చెప్పులు వేసుకున్నాను. తాళం వేశానా లేదా అని వెనక్కి తిరిగి చూడకుండా నేను ఇల్లు దాటింది నా జన్మలో ఆ ఒక్కరోజే.

షాపులో ఆ అమ్మాయి అరగంట పక్కన కూర్చుని ఉంది. డబ్బా బల్ల మీద పెట్టాను.

"దొరికింది" అన్నాను.

ఆ అమ్మాయి డబ్బా వైపు చూసింది, నా వైపు చూసింది. "మంచిది అత్తయ్యా. కూర్చోండి, ఆయాసపడుతున్నారు."

ఎక్కడ దొరికిందని అడగలేదు. అరగంట అడగబోతుంటే, "నువ్వు ఆరు చూడు బాబూ" అంది.

"ఆరు ఆపమను" అన్నాను. "ఒకటో నోట్‌లో పైదే అని ఉంది. పైన ఎవరున్నారు?"

ఇద్దరూ నన్ను చూశారు. తర్వాత తెర మీద చూశారు. ఆ అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"వార్డు మారితే మళ్ళీ మొదటి దుప్పటికి పూర్తి పేరు రాయాలి" అన్నాను. "రెండులో కూడా ఉంది. నేను చూశాను."

అరగంట కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "మామ్మగారూ, పదకొండేళ్ళుగా థీసిస్‌లు కొడుతున్నాను. మీరు ఆ కుర్చీలో కూర్చోండి, నేను లాండ్రీకి పోతాను."

మిగిలిన రోజుల్లో మేం ముగ్గురం అక్కడే తిన్నాం, అక్కడే గొడవపడ్డాం. నేను వేలు పెట్టి చదవడం, ఆ అమ్మాయి చెప్పడం, అతను కొట్టడం. గడువుకి ఒకరోజు ముందు థీసిస్ కౌంటర్లో ఇచ్చాం. ఆయన ప్రతి అధ్యాయం మొదటి పేజీ తిప్పి అడుగున చూశాడు. అన్నిచోట్లా ఒకటి, అన్నిచోట్లా పూర్తి పేరు. రసీదు మీద ముద్ర కొట్టాడు. ఆ చప్పుడు నాకు ఇంకా వినపడుతుంది.

బయలుదేరే రోజు పొద్దున పెట్టె సర్దుకుంటూ, "అత్తయ్యా, ఐదో డబ్బా నేను పట్టుకెళ్ళనా?" అంది.

"ఆ మూత సొట్టపోయిందే. రెండోది తీసుకో, కొత్తది."

"వద్దు, ఐదోదే కావాలి." డబ్బాని చీరల కింద, పెట్టె అడుగున జాగ్రత్తగా పెట్టింది. పెట్టి, "ఇట్లా అడుగున పెడితే ఎక్కడికీ పోదు" అంది. నా వైపు చూడలేదు.

మంచం పట్టుకుని కూర్చున్నాను.

"ఆ రోజే చూశావా?"

"దుప్పటి తీసినప్పుడు."

"చూసి ఊరుకున్నావా? గడువు అయిపోతే? ఎనిమిదేళ్ళ పని!"

"ఊరుకోలేదు, ఎదురుచూశాను. నాలుగో రోజుకి నేనే తీసేదాన్ని." పెట్టె మూత వేసి దాని మీద కూర్చుంది, గడియ పడాలని. "నాకు రెండుసార్లు గడువు పొడిగించారు అత్తయ్యా. మీకు నేను మూడు రోజులు ఇవ్వలేనా?"

ఇన్నేళ్ళ తర్వాత ఇది రాస్తూ కూడా దానికి సరైన మాట వెతుకుతూనే ఉన్నాను. నన్ను దొంగని చెయ్యకుండా, నా అంతట నేను తెచ్చి ఇచ్చేదాకా ఆగిన మనిషి ఆ ఒక్కతే.

బస్సు కదిలేటప్పుడు కిటికీలోంచి తల బయటపెట్టి, "గ్యాస్ కట్టేశాను, నేను చూశాను. తాళం కూడా వేశాం. మళ్ళీ వెనక్కి పరిగెత్తకండి" అని అరిచింది. మామూలు మాటే. నేను ఏడవలేదు. నవ్వాను.

ఆ సాయంత్రం కుట్టుపనావిడ వచ్చింది, మామూలుగా. "వెళ్ళిపోయిందా? అయినా ఇప్పుడు నీకేమవుతుంది వదినా ఆ పిల్ల?"

"మా కోడలు" అన్నాను. "పడవ రేవుల మీద పుస్తకం రాసింది. కాలేజీలో చరిత్ర చెబుతుంది. నా తుంటి విరిగినప్పుడు పదకొండు నెలలు నా చెయ్యి పట్టుకుని నడిపించింది. ఈ ఇంట్లో ఎనిమిదేళ్ళుంది. సెలవులకి వస్తుంది."

ఆవిడ మాట మార్చడానికి బల్ల వైపు చూసింది. "బల్ల ఇంకా ఖాళీ చెయ్యలేదేం? నాలుగు డబ్బాలు ఇటు, రెండు అటు, మధ్యలో ఆ సందేమిటి? దగ్గరికి జరపొచ్చుగా." చెయ్యి చాపింది.

"జరపకు" అన్నాను. "అది ఐదోదాని చోటు."